స్మార్ట్ రేడియేటర్ వాల్వ్ బ్యాటరీలు: మార్చడం ఎలా, ఎక్కువ రోజులు రావాలంటే ఏం చేయాలి

జర్మనీలో ఉండేవాళ్ళకి తెలుసు, అక్టోబర్‌లో హీటింగ్ మొదలైన కొన్నాళ్ళకే యాప్‌లో బ్యాటరీ అయిపోవస్తోందని ఒక్కో రూమ్ వరసగా చూపించడం మొదలెడుతుంది. స్మార్ట్ వాల్వు అంటే గదిని వేడిచేసే రేడియేటర్‌లోకి వెళ్ళే వేడినీళ్ళని బ్యాటరీ మోటార్‌తో తెరిచి మూసే పరికరం. మా ఇంట్లో అలాంటివి అయిదున్నాయి, ఒక్కోదానికి రెండు డబుల్ ఏ బ్యాటరీలు. ఒక జనవరిలో బాబు రూమ్ వాల్వు మూసుకుని ఉన్నప్పుడు బ్యాటరీ అయిపోయింది, పొద్దున్నే వెళ్ళి చూస్తే 14 డిగ్రీలు, వాడు దుప్పట్లో ముడుచుకుపోయి ఉన్నాడు. బ్యాటరీ పూర్తిగా అయిపోతే చాలా వాల్వులు ఎక్కడున్నవి అక్కడే ఆగిపోతాయి, అందుకే చలికాలంలో ఆ వార్నింగ్‌ని రేపు చూద్దాంలే అని వదిలేయకండి.

మార్చేటప్పుడు వాల్వుని రేడియేటర్ నుంచి విప్పక్కర్లేదు, చాలా మోడల్స్‌లో పైమూత తీస్తే చాలు. పాతవి రెండూ తీసేశాక ఒక నిమిషం ఆగండి, లోపల మిగిలిన కరెంట్ పోయి సరిగ్గా రీస్టార్ట్ అవుతుంది. తర్వాత ప్లస్ మైనస్ చూసుకుని రెండూ కొత్తవే పెట్టండి, ఒకటి పాతది ఒకటి కొత్తది కలిపితే పాతది పూర్తిగా డౌన్ అయి లీక్ అయ్యే ఛాన్స్ ఉంది. లీకై తెల్లగా పొడి పట్టి ఉంటే చేత్తో ముట్టుకోకుండా, ఇయర్‌బడ్‌కి కాస్త నిమ్మరసమో వెనిగరో అద్ది తుడిచి బాగా ఆరనివ్వండి. బ్యాటరీలు పెట్టగానే మోటార్ గర్‌ర్ మని ఒకసారి ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతుంది, రేడియేటర్‌లో నీళ్ళదారిని తెరిచి మూసే మెటల్ పిన్ ఎంత దూరం కదులుతుందో కొలుచుకుంటోంది అన్నమాట, అది అయ్యేదాకా బటన్లు నొక్కకండి. కొన్ని మోడల్స్‌లో దీనికి మీరే ఒక బటన్ నొక్కాలి.

ఏ బ్యాటరీ అంటే, మామూలు మంచి ఆల్కలైన్ సేఫ్. రీచార్జబుల్‌వి 1.2 వోల్టులే కాబట్టి కొన్ని వాల్వులు ఫుల్ చార్జ్‌లో కూడా బ్యాటరీ అయిపోవస్తోందని చూపిస్తాయి. రీచార్జ్ అవ్వని లిథియం డబుల్ ఏ బాగా వస్తాయి కానీ చివరిదాకా వోల్టేజ్ పెద్దగా తగ్గదు, పర్సెంటేజ్ బాగానే ఉందనుకుంటుండగా సడెన్‌గా ఆగిపోతాయి. మాన్యువల్‌లో ఏది వాడమన్నారో ఒకసారి చూసుకుని కొనండి.

అసలు నేను గట్టిగా చెప్పాలనుకున్నది పిన్ గురించి. బ్యాటరీ ఎక్కువగా తినేది మోటార్, పిన్ బిగుసుకుపోతే ప్రతిసారీ మోటార్ బలంగా తొయ్యాల్సి వస్తుంది. ఒకే రూమ్‌లో బ్యాటరీ మాటిమాటికీ అయిపోతుంటే ఆ వాల్వు రింగ్ తిప్పి బయటికి తీయండి, రేడియేటర్ వైపు మధ్యలో సన్నటి మెటల్ పిన్ కనిపిస్తుంది. స్పానర్ చదునువైపుతో దాన్ని లోపలికి నొక్కండి, కొన్ని మిల్లీమీటర్లు వెళ్ళి వదలగానే తనంతట తనే బయటికి రావాలి. రాకపోతే పక్క నుంచి మెల్లగా తడుతూ నాలుగైదుసార్లు నొక్కి చూడండి. కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని మాత్రం లాగొద్దు, ఊడొచ్చిందంటే నీళ్ళు చిమ్ముతాయి, అద్దె ఇల్లయితే ఓనర్‌కి చెప్పి ప్లంబర్‌ని పిలిపించుకోవడం నయం. వారానికోసారి వాల్వు తనంతట తను పూర్తిగా తెరుచుకుని మూసుకోవడం కూడా పిన్ పట్టెయ్యకుండా ఉండటానికే, బ్యాటరీ మిగుల్తుందని దాన్ని ఆఫ్ చేయకండి. ఎండాకాలం హీటింగ్ ఆపేశాక వాల్వుని పూర్తిగా తెరిచి వదిలేయండి, పిన్ మీద ఒత్తిడి ఉండదు, మోటార్‌కీ పనుండదు.

రెండోది టెంపరేచర్ ఊరికే మార్చడం. అరగంటకోసారి 20, 20.5, మళ్ళీ 20 అని మార్చే ఆటోమేషన్లు పెట్టుకుంటే బ్యాటరీలు నిలవవు, పగలు ఒకటి రాత్రి ఒకటి చాలు. సిగ్నల్ వీక్‌గా ఉన్న రూమ్‌లో రేడియో మళ్ళీ మళ్ళీ ట్రై చేస్తూ బ్యాటరీ తినేస్తుంది, జిగ్‌బీ (స్మార్ట్ పరికరాలు మాట్లాడుకునే ఒక వైర్‌లెస్ పద్ధతి) వాల్వయితే దారిలో ఒక జిగ్‌బీ స్మార్ట్ ప్లగ్ పెట్టండి, అది సిగ్నల్‌ని ముందుకి అందిస్తుంది.

డిసెంబర్‌లో ఇండియా వెళ్తుంటే టికెట్లతో పాటు దీన్నీ లిస్టులో రాసుకోండి, బయల్దేరే ముందు అన్నిటికీ కొత్త బ్యాటరీలు వేయండి. ఇంకా సేఫ్ కావాలంటే స్మార్ట్ వాల్వుకి ముందు రేడియేటర్‌కి ఉన్న, చేత్తో తిప్పే పాత మామూలు తల మళ్ళీ బిగించి దాని మీది 2 అంకె దగ్గర పెట్టి వెళ్ళండి, దానికి బ్యాటరీ అక్కర్లేదు, పైపులు గడ్డకట్టే భయం ఉండదు. తీసిన పాత బ్యాటరీలు చెత్తబుట్టలో వేయకండి, ఇక్కడ బ్యాటరీలు అమ్మే ప్రతి షాపూ వాటిని వెనక్కి తీసుకోవాలి, సూపర్‌మార్కెట్లో డబ్బా పెట్టి ఉంటుంది. లిథియంవైతే రెండు చివర్లకీ టేప్ అంటించి వేయండి.