వానాకాలంలో ఘానా ప్రయాణం: బయల్దేరే ముందు, అక్కడికి చేరాక జాగ్రత్తలు

ఘానాలో వానాకాలం ఒక్కటి కాదు. అక్రా, కేప్ కోస్ట్, కుమాసి ఉన్న దక్షిణ భాగంలో ఏప్రిల్‌లో మొదలై జూన్‌లో ముదిరి జూలై మధ్యకు తగ్గుతుంది. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా చిన్న వానాకాలం మళ్ళీ ఉంటుంది. టమాలే వైపు ఉత్తరాన మే నుంచి అక్టోబర్ దాకా ఒకే విడత. మన బడి సెలవులు, ఆఫీసు ప్రాజెక్టులు, పెళ్ళిళ్ళ తర్వాత ప్రయాణాలు సరిగ్గా ఏప్రిల్, జూన్ మధ్యనే పడతాయి కాబట్టి తెలుగువాళ్ళలో చాలామంది అక్కడ దిగేది వాన నడుమే.

"వానలు, దోమలు మనకు కొత్తా?" అన్న ధీమాతో వెళ్ళేవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు. అక్కడి దోమ మోసే జబ్బు వేరు, అక్కడి వీధి కాలువ వేరు.

టీకా: తేదీ లెక్క తప్పితే విమానాశ్రయంలోనే ఆగుతారు

తొమ్మిది నెలలు నిండిన ప్రతి ఒక్కరికీ ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు కార్డు ఉంటేనే ఘానాలోకి రానిస్తారు. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది. కాబట్టి ప్రయాణానికి వారం ముందు వేయించుకుంటే పనికిరాదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. పాత కార్డు మీద పదేళ్ళ గడువు ఉన్నా 2016 జూలై నుంచి అది వర్తించదు.

ఈ టీకా మామూలు క్లినిక్‌లో వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. వెళ్ళే ముందు ఏయే రోజుల్లో వేస్తున్నారో, ముందుగా పేరు నమోదు చేసుకోవాలో అడిగి తెలుసుకోండి. పాస్‌పోర్టు వెంట తీసుకెళ్ళండి. కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం తేడా లేకుండా రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. సంతకం, ముద్ర రెండూ ఉండాలి. గుడ్డు పడనివాళ్ళు, 60 దాటినవాళ్ళు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు సూదికి ముందే డాక్టరుకు చెప్పాలి. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా.

కార్డు వెళ్ళేటప్పుడే కాదు, తిరిగొచ్చేటప్పుడూ కావాలి. ఘానా నుంచి వచ్చేవాళ్ళను మన విమానాశ్రయ ఆరోగ్య అధికారులు అడుగుతారు. చూపించలేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం వాళ్ళకుంది. కార్డును చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకండి, పాస్‌పోర్టులోనే ఉంచండి. ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోవడం మంచిదే గాని అసలు కార్డు బదులు అది చెల్లుతుందని అనుకోవద్దు.

టైఫాయిడ్, హెపటైటిస్-ఏ టీకాలు కూడా చూసుకోండి. ఉత్తర ఘానాకు డిసెంబర్, జూన్ మధ్య వెళ్ళేవాళ్ళకు మెనింజైటిస్ టీకా (ఏసీడబ్ల్యూవై) అవసరం.

మలేరియా: అసలు ప్రమాదం ఇదే

ఘానా అంతటా, ఏడాది పొడవునా మలేరియా ఉంది. వాన పడ్డాక పెరుగుతుంది. అక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపేరం రకం. మెదడుకు ఎక్కి ప్రాణం తీసేది అదే. మన దగ్గర పాతకాలం వాళ్ళు నమ్మే క్లోరోక్విన్ దాని మీద పనిచేయదు. "చిన్నప్పుడు చలిజ్వరం రెండుసార్లు వచ్చింది, మనకు అలవాటే" అనుకోవద్దు. ఊరు వదిలి ఏళ్ళయినవాళ్ళకు అలాంటి రక్షణ ఏమీ మిగలదు. ఘానాలోనే పుట్టి విదేశాల్లో స్థిరపడి సెలవులకు వచ్చేవాళ్ళూ దీని బారిన పడతారు.

ముందుజాగ్రత్తగా వేసుకునే మందులు మూడు. ఏది మీకు సరిపోతుందో డాక్టరే చెప్పాలి, కాకపోతే లెక్కలు తెలిసి ఉంటే అడగడం సులువు.

అటోవాక్వోన్-ప్రోగ్వానిల్: వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలు, రోజూ ఒకటి, తిరిగొచ్చాక ఇంకో ఏడు రోజులు. కాస్త కొవ్వున్న భోజనంతోగాని పాలతోగాని వేసుకోవాలి, లేకపోతే ఒంటికి సరిగా పట్టదు. అన్ని మందుల షాపుల్లో దొరకదు, ముందే చెప్పి తెప్పించుకోండి.

డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు: ఇదీ ఒకటి రెండు రోజుల ముందు మొదలే, రోజూ ఒకటే, కానీ వచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి. చవక. గర్భిణులకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వరు. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. రాత్రి పడుకునే ముందు గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుంటే మాత్ర అన్నవాహికలో అతుక్కుని పుండు పడుతుంది. అందుకని నిండు గ్లాసు నీళ్ళు తాగి అరగంటైనా కూర్చోవాలి.

మెఫ్లోక్విన్: వారానికొకటి. రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టి, వచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి. మూర్ఛలు, మానసిక సమస్యలు ఉన్నవాళ్ళు దీని జోలికి పోకూడదు.

తప్పు ఎక్కువగా జరిగేది చివర్లోనే. ఇంటికి వచ్చేశాం కదా అని మాత్రలు ఆపేస్తారు. ఆఖరి రోజు కుట్టిన దోమ ఎక్కించిన క్రిమి అప్పటికింకా కాలేయంలోనే ఉంటుంది.

మాత్రలు వేసుకుంటున్నా దోమ కుట్టకుండా చూసుకోవాల్సిందే. మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా తిరుగుతుంది. చీకటి పడకముందే పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, సాక్స్ వేసుకోండి. డీట్ (దోమల్ని దూరంగా ఉంచే మందు) 20 నుంచి 50 శాతం ఉన్న క్రీము చీలమండలకు, మెడకు రాయండి. సన్‌స్క్రీన్ ముందు, దోమల క్రీము దాని మీద. పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన దోమతెర ఒకటి, దానికో మేకు, నాలుగు మీటర్ల సన్నతాడు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. కొన్ని లాడ్జీల్లో తెర ఉంటుంది గాని చిరిగి ఉంటుంది. కట్టాక అంచులు పరుపు కింద దోపి, లోపల దోమ మిగిలిందేమో టార్చి వేసి చూడండి.

వాన, కాలువలు

మన దగ్గర నైరుతి మేఘం పడమటి నుంచి వస్తుంది. అక్కడ పెద్ద వానలు చాలావరకు తూర్పు నుంచి వస్తాయి. మధ్యాహ్నం ఉక్కపోత, తూర్పున ఆకాశం నల్లబడటం, చల్లగాలితో దుమ్ము లేవడం, ఆ వెంటనే వాన. చల్లగాలి తగలగానే రేకులు, చెట్లు, హోర్డింగులు లేని చోటికి చేరండి.

అక్రాలో రోడ్ల పక్కన మూతలేని లోతైన సిమెంటు కాలువలుంటాయి. వాన నీళ్ళు నిండితే రోడ్డేదో కాలువేదో తెలియదు. సర్కిల్ (క్వామే ఎన్‌క్రుమా కూడలి), కనేషీ, ఓడా నది పక్క ప్రాంతాలు త్వరగా మునుగుతాయి. నీళ్ళు నిలిచిన వీధిలోకి నడవకండి. పారే నీళ్ళు 15 సెంటీమీటర్లు ఉంటే చాలు మనిషి కాలు తప్పుతుంది, 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలుతుంది. ట్యాక్సీ డ్రైవరు "వెళ్ళిపోవచ్చు" అన్నా దిగిపోండి. ఎత్తైన చోట, పై అంతస్తున్న షాపులోనో హోటల్లోనో గంట రెండు గంటలు ఆగండి.

వాన పడుతుంటే పెట్రోల్ బంకు కింద మాత్రం నిలబడొద్దు. 2015 జూన్ 3న సర్కిల్ దగ్గర వరదలో తలదాచుకోవడానికి బంకులోకి చేరినవాళ్ళ మధ్యే పేలుడు జరిగి, వరదతో కలిపి 150 మందికి పైగా చనిపోయారు.

వరదలో కాలు తడిస్తే వెంటనే సబ్బుతో కడిగి, గాయం ఉంటే యాంటిసెప్టిక్ రాయండి. కరెంటు తరచూ పోతుంది, దానికి అక్కడివాళ్ళ పేరు "డమ్సర్". పవర్ బ్యాంకు, తలకు కట్టుకునే టార్చి ఉంచుకోండి. అక్కడి సాకెట్లు ఎక్కువగా మూడు బల్లపరుపు పిన్నుల ఇంగ్లండు రకం కాబట్టి మన గుండ్రటి పిన్నులకు అడాప్టరు కావాలి. వోల్టేజీ 230, తేడా లేదు.

రోడ్డు మీద

ఘానాలో బండ్లు కుడివైపు నడుస్తాయి (1974 దాకా మనలాగే ఎడమవైపు నడిచేవి). రోడ్డు దాటేటప్పుడు అలవాటు చొప్పున కుడికి చూసి అడుగేస్తాం, బండి ఎడమ నుంచి వస్తుంది. మొదటి రెండు రోజులు ఈ ఒక్క విషయం మీదే ధ్యాస పెట్టండి.

ఊళ్ళ మధ్య ప్రయాణం పగలే. కుమాసి అక్రా నుంచి సుమారు 250 కిలోమీటర్లు, వాన ఉంటే అయిదారు గంటలు దాటిపోతుంది. అందుకే ఉదయం అయిదు, ఆరుకే బయల్దేరాలి. రాత్రి రోడ్డు మీద లైట్లు లేని ఆగిపోయిన లారీలుంటాయి. దారిలో ఆకుకొమ్మలు పరిచి కనిపిస్తే ముందు బండి ఆగి ఉందని గుర్తు, వేగం తగ్గించమనండి. ట్రోట్రో అనే షేర్ వ్యాన్లు చవక, కానీ వానరోజు టైర్లు చూసి ఎక్కండి. దూరానికి ఎస్‌టీసీ లాంటి పెద్ద బస్సులు మేలు. అక్రాలో బోల్ట్, ఉబర్, యాంగో యాప్‌లు నడుస్తాయి. మోటారు సైకిల్ ట్యాక్సీ వద్దు.

కాకుమ్ అడవిలో సుమారు 350 మీటర్ల తాళ్ళ వంతెన వాన తర్వాత జారుతుంది. అడుగు పట్టు ఉన్న బూట్లతో, ఉదయాన్నే వెళ్ళండి. ఉత్తరాన మోలే పార్కులో వానాకాలం గడ్డి ఎత్తుగా పెరిగి జంతువులు కనిపించడం కష్టం. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో పొరుగున బుర్కినా ఫాసోలోని బాగ్రే ఆనకట్ట నీళ్ళు వదిలితే వైట్ వోల్టా నది పొంగి రోడ్లు తెగిపోతాయి. అటు సరిహద్దు దగ్గర, బావ్కు పట్టణంలో గొడవలున్నాయి. ప్రయాణానికి ముందు భారత హైకమిషన్ సూచనలు చూసి, అటు పోకుండా ఉండటమే మంచిది.

నీళ్ళు, తిండి

500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ ప్యాకెట్ నీళ్ళు దేశమంతా తాగుతారు. కంపెనీ పేరు, ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) నమోదు నంబరు ఉన్నదే కొనండి. ప్యాకెట్ కొరికి తాగే ముందు మూల తుడవండి. ఐసు వద్దు.

గోదారిలో మునిగినట్టు వోల్టా సరస్సులో మునగాలనిపిస్తుంది. మునగకండి. అకోసోంబో ఆనకట్ట కట్టాక నిలిచిన నీళ్ళలో నత్తలు పెరిగి, వాటి నుంచి బిల్హార్జియా క్రిములు వదులుతాయి. చర్మంలోకి చొరబడటానికి వాటికి నిమిషాలు చాలు. పొరపాటున దిగితే వెంటనే తువ్వాలుతో గట్టిగా తుడుచుకుని, ఆరు నుంచి పన్నెండు వారాల తర్వాత పరీక్ష చేయించుకోండి. మూత్రంలో రక్తం కనిపించేదాకా ఆగొద్దు. సముద్రంలో ఈ బాధ లేదు గాని, లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. లాగితే ఒడ్డు వైపు ఈదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది ప్రవాహం తప్పించుకోవాలి.

శాకాహారులకు ఒక మాట. వాచే అనే బియ్యం, అలసందల అన్నం చూస్తే మనకు నచ్చుతుంది, కానీ పక్కన వేసే షిటో కారంలో ఎండు చేప, ఎండు రొయ్య ఉంటాయి. ఆకుకూరలో కూడా ఎండు చేప వేస్తారు. "మాంసం లేదు" అంటే చేప లేదని కాదు, చేప గురించి విడిగా అడగండి. అలసందలు, వేయించిన అరటితో చేసే "రెడ్ రెడ్" కూడా అడిగే తినాలి.

ఇంకొన్ని

మన మందుల సంచీలో ఉండే కోడీన్ దగ్గు సిరప్, ట్రామడాల్ అక్కడ పెద్ద చిక్కు. కోడీన్ సిరప్‌లను 2018లో నిషేధించారు. తీసుకెళ్ళకండి. మిగతావాటికి ఇంగ్లీషులో రాసిన చీటీ ఉండాలి. సైన్యం దుస్తుల రంగు ప్యాంట్లు, టోపీలు వేయడం నేరం. విమానాశ్రయం, జూబిలీ హౌస్ (అధ్యక్షుడి కార్యాలయం), సైనికుల ఫొటోలు తీయకండి. ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకూడదన్న పట్టింపు మనలాగే వాళ్ళకూ ఉంది, డబ్బులిచ్చేటప్పుడు మరవొద్దు. చవకగా బంగారం ఇప్పిస్తామనే పరిచయం దాదాపు ఎప్పుడూ మోసమే. అత్యవసరానికి 112, పోలీసులకు 191, అంబులెన్సుకు 193.

తిరిగొచ్చాక జ్వరం

మూడు నెలల లోపు, మాత్రలన్నీ సరిగా వేసుకున్నా, జ్వరం వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. జూలైలో జ్వరమనగానే మన డాక్టర్లు డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు రాస్తారు. మీరే ముందు "ఘానా నుంచి వచ్చాను" అని చెప్పి, తేదీలు చూపించి, మలేరియా రక్తపు చుక్క పరీక్ష అడగండి. మొదటిసారి ఏమీ కనిపించకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో మొత్తం మూడుసార్లు చేయించాలి. ఇంట్లో పారాసిటమాల్ వేసుకుంటూ రెండు రోజులు చూద్దామనుకునే జ్వరం కాదిది. మాట తడబడినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం నల్లగా వచ్చినా ఆ గంటలోనే ఐసీయూ ఉన్న ఆస్పత్రికి చేర్చండి.