వంకలో కొత్త డయాటం, 5వ పాఠం: ముందు ఆ సూదుల సంగతి

పోయిన పాఠం చూసి డయాటంల (గాజులాంటి సిలికా పెంకు ఉండే ఒంటికణ నాచు) స్లయిడ్లు చేసినవాళ్లలో చాలామంది ఒకటే అడిగారు: "సన్నగా, పొడుగ్గా సూదుల గుంపులు కనిపిస్తున్నాయి, కొత్త జాతేనా?" కాదు. అది జిప్సం. వంకలో పుట్టింది కాదు, మీ బీకరులో పుట్టింది.

కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు వంకలు నాపరాతి మీద పారతాయి. రాయి మీది జిగురు పొర గీకితే డయాటంలతో పాటు సున్నపు పొడి కూడా వస్తుంది. దాని మీద బ్యాటరీ యాసిడ్ పోశారు. అది గంధకామ్లం. సున్నపురాతి పొడితో కలిస్తే కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం, తయారై సూదుల్లా పేరుకుంటుంది. పోయిన పాఠంలో యాసిడ్‌తో శుభ్రం చేయమని, ఏ యాసిడో చెప్పకుండా వదిలేయడం నా పొరపాటే.

సరైన వరస ఇది. ముందు 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్, చుక్క చుక్కగా, బుడగలు ఆగేదాకా. అనంతపురం గ్రానైటు వంకల నమూనా సాధారణంగా ఇంత పొంగదు, అయినా ఈ మెట్టు దాటేయొద్దు. తర్వాత యాసిడ్ పోయేదాకా కడగాలి. లేకపోతే పెరాక్సైడ్ పడగానే క్లోరిన్ ఘాటు లేస్తుంది. అప్పుడు 5 మిల్లీలీటర్ల నమూనాకు 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 20 మిల్లీలీటర్లు, కొంచెం కొంచెంగా. బీకరు 250 మిల్లీలీటర్లది తీసుకోండి, చిన్నదైతే నురగ పొంగి సగం డయాటంలు బల్ల మీదికొస్తాయి. మూత పెట్టొద్దు. వేడినీళ్ల గిన్నెలో రెండు మూడు గంటలు ఉంచండి.

కడగడం డిస్టిల్డ్ వాటర్‌తోనే, ఐదుసార్లు. బోరునీళ్లు వాడితే ఆరాక కవర్‌స్లిప్ నిండా ఉప్పు పొరే. కడిగిన ప్రతిసారీ డయాటంలు అడుగుకు చేరడానికి నీటి లోతు సెంటీమీటరుకు ఒక గంట అంటారు. నేనైతే రాత్రంతా వదిలేస్తాను. సెంట్రిఫ్యూజ్ (గిరగిర తిప్పి అడుగుకు దించే యంత్రం) నాకు నచ్చదు, పొడుగు పెంకులు విరుగుతాయి.

పాత స్లయిడ్ మీద అనుమానమా? పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు పాతవి దొరికితే, ఒక ముక్క స్లయిడ్ కింద, ఒకటి కంటి దగ్గర పెట్టి తిప్పండి. వెలుతురు మొత్తం ఆరిపోయిన చోట సూదులు మెరుస్తూ ఉంటే జిప్సం. ఇసుక, సున్నం కూడా మెరుస్తాయి. డయాటం పెంకు స్ఫటికం కాని సిలికా, అందుకే చీకట్లో కలిసిపోతుంది. మిగిలిన నమూనాను కాపాడుకోవచ్చు: లీటరు నీటిలో సుమారు 2 గ్రాముల జిప్సమే కరుగుతుంది కాబట్టి ఎక్కువ నీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి. మరిగే నీళ్లు పోస్తే చక్కెరలా కరుగుతుందనుకోవద్దు, లాభం లేదు.

ఇక పరిమాణం. పెంకు సబ్బుపెట్టె లాంటిది. కణం రెండైనప్పుడు అడుగు చిప్ప మూతగా మారి, దానికి ఇంకా చిన్న అడుగు పుడుతుంది. అలా తరాలు గడిచేకొద్దీ పొడవు బాగా తగ్గుతుంది, వెడల్పు తక్కువగా తగ్గుతుంది, కొనలు మొద్దుబారతాయి. పెంకు మీది సన్న గీతల, అంటే చారల, సాంద్రత మాత్రం పెద్దగా మారదు. గొంఫోనీమా అనే డయాటంనే తీసుకోండి: 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కోసు గొంఫోనీమా, 20 మైక్రాన్ల గుండ్రటి గొంఫోనీమా ఒకే జాతి కావచ్చు. మధ్య సైజులన్నీ దొరికితే ఒకటే అనుకోండి.

చారలు పెంకు నడుమ, 10 మైక్రాన్ల నిడివిలో లెక్కపెట్టండి. అంచున లెక్కిస్తే, చారలు విసనకర్రలా విచ్చుకున్న జాతుల్లో సంఖ్య తగ్గి కొత్త జాతిలా భ్రమ పుడుతుంది. డీపీఎక్స్ అనే మామూలు స్లయిడ్ జిగురుతో అంటించిన స్లయిడ్‌లో సన్న చారలు సరిగా కనబడవు. డయాటంలకు వాడే నాఫ్రాక్స్ లాంటి జిగురు కావాలి.

అభ్యాసం: ఒకే రాయి నమూనాలో ఒకే రూపానివి 30 పెంకులు, 100 రెట్ల ఆయిల్ లెన్స్ కింద, పొడవు, వెడల్పు, చారలు. పొడవు వరసలో బొమ్మలు గీయండి. ఒరిగినవి, పక్కకు తిరిగినవి లెక్కలోకి రావు. 30కి ఒక్కటి తగ్గినా ఇంకో స్లయిడ్ చేయండి.