హాజరు ఫుల్, పని మాత్రం జారిపోతోంది: ఎక్కడ చూడాలి?

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ వైపు ఫ్యాక్టరీల్లో మనుషుల చేత పని చేయించే మన సూపర్‌వైజర్ల కోసం ఇది. షిఫ్టు లిస్టు వేయడం మీకు తెలిసిందే. బాగా పనిచేసే మనిషి వెనకబడితే బద్ధకం, పొగరు అని మెమో ఇచ్చేసి, ఆ తర్వాత సలహాకి వస్తారు. ముందు నిద్ర సంగతి అడిగారా అంటే మొహాలు చూసుకుంటారు.

లక్షణం: డ్యూటీలో కునుకు, చిన్న మాటకే గొడవ

నిద్ర చాలడం లేదు. నైట్ దిగి రేకుల గదిలో పగలు పడుకోవడం ఎవరి తరం? పైన డబుల్ డ్యూటీ. డబుల్ ఆపండి. షిఫ్టు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరసలో ముందుకు జరపండి, వెనక్కి కాదు. రెండు వారాల్లో తేరుకుంటే సరే.

లక్షణం: ఒక్క సెలవూ లేదు, పని మాత్రం సాగదు

అందరూ బోల్తాపడేది ఇక్కడే. హాజరుపట్టీలో వంక పెట్టడానికి ఉండదు. లాగ్‌బుక్ తెరవండి. గంటగంటకీ రాయాల్సిన రీడింగులు షిఫ్టు చివర ఒక్క ఊపులో నింపినట్టు ఉంటాయి. ఒక అంకె కొట్టేసి, పక్కన మళ్ళీ అదే అంకె. క్యారేజీ మూత తీయకుండానే వెనక్కి వెళ్తుంది. పెళ్ళాం పిల్లలు పార్వతీపురంలో ఉన్నా వీక్లీ ఆఫ్‌కి రైలెక్కడు. అడిగితే "ఓటీ (ఓవర్‌టైమ్) ఉంది కదన్నా" అంటాడు. మీకేమో వాడు బంగారం!

చాలాసార్లు ఇది డిప్రెషన్. దిగులుగా ఉందని చెప్పడు. నడుం నొప్పి, తలపోటు, గుండె దడ అంటాడు. విశాఖ వెళ్ళి స్కానింగులు తీయిస్తే అన్నీ నార్మల్. దాంతో నాటకాలాడుతున్నాడని ముద్ర. మనసు బాగోక పని తగ్గుతుంది, పని తగ్గిందని మాట పడితే మనసు ఇంకా కుంగుతుంది. సెలవు పెడితే ఉద్యోగానికే ఎసరొస్తుందన్న భయంతో రోజూ గేటు దాటి వస్తాడు.

పని సామర్థ్యం కొలవడానికి ఫిన్లాండ్ వృత్తి ఆరోగ్య సంస్థ 1980లలో ఒక సూచిక తయారుచేసింది, 7 నుంచి 49 మార్కులు. మీకు అందులో మొదటి ప్రశ్న చాలు: "నువ్వు బ్రహ్మాండంగా పనిచేసిన రోజులకి పది వేస్తే, ఇప్పుడెంత?" అయిదో, అంతకన్నా తక్కువో చెబితే తేలిగ్గా తీసుకోకండి. రెండు వారాలుగా దేనిమీదా మనసు పోవడం లేదా అని కూడా అడగండి. క్యాంటీన్‌లో కాదు, పక్కకి పిలిచి, తెలుగులో. ఒడియా గడగడా మాట్లాడేవాడైనా ఈ మాట ఇంటి భాషలోనే పైకి చెప్పగలడు.

"ధైర్యంగా ఉండు" అనే సలహా పనిచేయదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు కావాలంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, లేదా విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల. మందుల గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే మానేసేవాళ్ళు కొందరు, కాస్త తేరుకోగానే మానేసేవాళ్ళు ఇంకొందరు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. మొదట్లో మత్తుగా ఉండొచ్చు కాబట్టి నైట్లు, ఎత్తు మీద పని, తిరిగే మెషిన్లు తప్పించండి. పని తగ్గించండి, పూర్తిగా లాగేసుకోకండి. విషయం వాట్సాప్ గ్రూపుకి ఎక్కకూడదు.

చచ్చిపోవాలనిపిస్తోందని నోట వచ్చిందా, ఒంటరిగా వదలొద్దు. అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మిగతావి

నీరసానికి వేరే కారణాలూ ఉండొచ్చు: థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం రక్తపరీక్షలో తేలిపోతాయి. తాగుడు అలవాటుంటే డాక్టరు దగ్గర దాచొద్దనండి. గాలి సోకిందంటారా, గుడికి వెళ్తే వెళ్ళనివ్వండి, మాత్ర మాత్రం మానకూడదు.

మెమో ఇప్పటికే టైపయి ఉంటే డాక్టరు చూసేదాకా ఫైల్లోనే ఉంచండి.