సందక్‌ఫూ కొండదారిలో నాలుగు రోజుల పరుగుకు సంచి సర్దుకోవడం

పశ్చిమ బెంగాల్‌లోని డార్జిలింగ్ జిల్లాలో, భారత్–నేపాల్ సరిహద్దు వెంబడి సాగే సింగలీలా కొండల మీద పరుగెత్తేవారికి గుడారం గానీ, పొయ్యి గానీ మోయవలసిన అవసరం లేదు. మానేభంజాంగ్‌లో బయలుదేరి మొదటి రాత్రి తుమ్లింగ్‌లో, రెండవ రాత్రి సందక్‌ఫూలో గడిపి, ఫాలుట్ మీదుగా గోర్ఖేకు చేరి, నాలుగవ రోజు శ్రీఖోలాకు దిగేవారికి ప్రతి మజిలీలోనూ పడక, వేడి భోజనం దొరుకుతాయి. అయినా చాలామంది సంచిని తప్పుగానే సర్దుకుంటారు. ఎందుకంటే పరుగెత్తే గంటలను తలచుకుని సర్దుకుంటారు గాని, పరుగు ఆగిపోయిన గంటలను తలచుకోరు.

సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక, సిలిగురి మైదానంతో పోలిస్తే పైన ఇరవై డిగ్రీలకు మించిన తేడా ఉంటుంది. గాలి వీస్తే చలి ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది. ఎక్కుతున్నంతసేపూ ఒళ్ళు వేడెక్కి చెమట పడుతుంది. కాలు బెణికో, పొగమంచులో దారి కనబడకో, తోటివారి కోసమో ఆగవలసివస్తే పది నిమిషాలలోనే ఆ చెమట ఒంటిని చల్లబరచడం మొదలుపెడుతుంది. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకున్నప్పుడు, కదలకుండా గంటసేపు కూర్చోవలసివస్తే ఇది పనికివస్తుందా అని అడిగి చూడండి.

అందుచేత నూలు బట్టలను ఇంటివద్దే వదిలివేయాలి. నూలు చెమటను పీల్చుకుని తొందరగా ఆరదు. పరుగుకు రెండు చొక్కాలు చాలు, అందులో ఒకటి మెరీనో ఉన్నిదైతే తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది, వాసన కూడా తక్కువ. రాత్రి కోసం ఒక పొడి చొక్కా, పొడి లోపలి ప్యాంటు, మందపాటి మేజోళ్ళు నీరు చొరని సంచిలో విడిగా కట్టి ఉంచండి. ఎంత చలి వేసినా వాటిని దారిలో వేసుకుని తడిపివేయకూడదు. పైన వేసుకునే వెచ్చని జాకెట్ ఈకలతో నింపినదైతే తేలికగా ఉంటుంది గాని తడిస్తే అణగిపోతుంది, కనుక ఈ మబ్బు కొండలలో సింథటిక్ దూది నింపినదే నాకు నమ్మకం. కుట్లు మూసిన వానకోటు, తలటోపీ, చేతితొడుగులు తప్పనిసరి. బసలలో బొంతలు ఇస్తారు. లోపల పరచుకోవడానికి పలుచని సిల్కు నిద్రసంచి ఉంటే శుభ్రంగానూ, వెచ్చగానూ ఉంటుంది.

బూట్లు కొత్తవి కాకూడదు. దిగుడులో వేళ్ళు ముందుకు గుద్దుకుంటాయి కనుక అరసైజు పెద్దవి తీసుకుని, బయలుదేరే ముందు గోళ్ళు కత్తిరించుకోవాలి. రాళ్ళ దారులలో బూటు అడుగున గట్టి అట్ట అవసరమవుతుంది. మడిచే చేతికర్రలు మోకాళ్ళకు ఎంతో ఊరటనిస్తాయి. విమానంలో వాటిని చెక్ఇన్ సామానులో వేయాలి, పవర్ బ్యాంకును మాత్రం చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

నీటికి లీటరున్నర పట్టే సీసాలు, శుద్ధిచేసే మాత్రలు చాలు. చల్లని నీటిలో మాత్రలు పనిచేయడానికి ఎక్కువసేపు పడుతుందని గుర్తుంచుకోవాలి. ఎత్తులో ఆకలి మందగిస్తుంది, అందుకే ఇష్టంగా తినగలిగినదే మోయండి. పల్లీచిక్కీ, ఖర్జూరాలు, వేయించిన జీడిపప్పు, ఓఆర్ఎస్ పొట్లాలు నాకు బాగా పనిచేశాయి. సున్నుండలు రుచికి సాటిలేనివే గాని సంచి కుదుపుకు పొడి అయిపోతాయి. చిన్న పొట్లంలో నువ్వులపొడి ఉంటే, బసలో పెట్టే అన్నం, పప్పు సాయంత్రం మరో రెండు ముద్దలు లోపలికి దిగుతాయి. మరునాటి పరుగు ఆ రెండు ముద్దల మీదే ఆధారపడి ఉంటుంది.

మందుల పొట్లంలో బొబ్బలకు అంటించే టేపు, వాజిలిన్, క్రేప్ బ్యాండేజి, పారాసెటమాల్ ఉండాలి. 2,500 మీటర్లు దాటాక ఎత్తు జబ్బు ఎవరికైనా రావచ్చు, పరుగులో బలవంతులైనంత మాత్రాన రక్షణ లేదు. ఎత్తు జబ్బు రాకుండా వాడే అసెటజోలమైడ్ అనే మందు గురించి బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడగాలి. తలనొప్పితో పాటు వాంతులు, తూలుడు మొదలైతే మందు మింగి పైకి పోకుండా కిందికి దిగాలి.

సరిహద్దు చౌకీలలో చూపడానికి అసలు గుర్తింపు కార్డు, సింగలీలా జాతీయ ఉద్యానవనం అనుమతి పత్రం ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి. గైడును వెంటబెట్టుకోవాలన్న నియమం ఉంది. అతని నడకవేగాన్ని బట్టి ఎక్కడెక్కడ కలుసుకోవాలో ముందే మాట్లాడుకోండి. తలలైటు, ఈల, అత్యవసర రేకుదుప్పటి ఎప్పుడూ మీ ఒంటిమీదనే ఉండాలి. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, రాత్రి ఫోనును బొంతలోనే పెట్టుకోండి.

అన్నీ ఇరవై లీటర్ల సంచిలో పట్టాలి, నీళ్ళు కాక బరువు నాలుగు కిలోలు మించకూడదు; వంటింటి తూకంలో ఒక్కొక్కటీ తూచి కాగితం మీద రాస్తే అక్కరలేనివి వాటంతటవే బయటపడతాయి. రాత్రి బట్టలు అడుగున, బరువైనవి వీపుకు ఆనుకుని భుజాల మధ్య, వానకోటు, జాకెట్ అన్నిటికంటే పైన, తినేవి ఛాతీ జేబులలో ఉండాలి. ఆ నిండు సంచితోనే వికారాబాద్ అనంతగిరి కొండలలోనో, విశాఖ కైలాసగిరి మీదనో మూడు గంటలు పరుగెత్తండి. పట్టీ ఎక్కడ ఒరుసుకుందో చూసి అక్కడ టేపు వేయండి. నడుమ ఒకచోట ఆగి, చేతితొడుగులు వేసుకున్న చేతులతోనే సంచిలోంచి జాకెట్ తీసి తొడుక్కోవడానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసుకోండి. నిమిషం దాటితే సంచిని మళ్ళీ విప్పి సర్దుకోవాలి.