సేవ్ చేసిన ఫైలు మళ్లీ దొరికేలా పెట్టుకోవడం ఎలా?

"సార్, సేవ్ చేశాను, కానీ కనిపించట్లేదు." కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఈ మాట వినని రోజు లేదు. ఎక్కడ సేవ్ చేశావమ్మా అంటే "వర్డ్‌లో సార్" అంటారు. ఫోన్‌లో నాకంటే మూడింతల వేగంగా టైపు చేసే పిల్లలే వీళ్లంతా. వాళ్లను తిట్టి లాభం లేదు. ఫోన్‌లో గ్యాలరీ తెరిస్తే కెమెరా ఫొటో, వాట్సాప్ ఫొటో అన్నీ వరసగా కనిపిస్తాయి, ఏది ఏ ఫోల్డర్‌లో ఉందో పట్టించుకోవాల్సిన అవసరమే రాదు.

కావలసినవి: విండోస్ కంప్యూటర్, పెన్‌డ్రైవ్, అరగంట.

1. విండోస్ కీ పట్టుకుని ఇ నొక్కండి, ఫైళ్లు చూపించే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. డాక్యుమెంట్స్‌లోకి వెళ్లి కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే కొత్త ఫోల్డర్ వస్తుంది. మూడు చేయండి: చదువు, సర్టిఫికెట్లు, ఇల్లు. నాలుగోది వద్దు. "ఇతరాలు" అని ఒకటి పెట్టారంటే ఆర్నెల్లలో అన్నీ అందులోకే చేరతాయి. డెస్క్‌టాప్ మీద ఫైలు పెట్టకూడదు, అది గుమ్మం ముందు చెప్పులు విడిచినట్టు ఉంటుంది.

2. పేరుకు ముందు తేదీ, అందులోనూ సంవత్సరం ముందు: 2025-06-14 ఇంటర్ మెమో. అప్పుడు పేర్ల వరసే తేదీల వరస అవుతుంది. విండోస్ 11లో అదే ఎక్స్‌ప్లోరర్ పైనున్న వ్యూ, షోలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కి (ఫైలు రకం చెప్పే .jpg, .pdf లాంటి తోకలకి) టిక్ పెట్టండి. లేకపోతే మెమో ఫొటో ఏదో, పీడీఎఫ్ ఏదో పేరు చూసి తెలియదు. స్కాలర్‌షిప్ అప్లికేషన్ పీడీఎఫ్ అడుగుతుంటే ఫొటో అప్‌లోడ్ చేస్తూ కూర్చుంటారు.

3. అసలు తంటా ఇక్కడ. వచ్చిన ఫైల్ని తెరిచే ముందే దాని చోటికి చేర్చాలి. మళ్లీ చెబుతున్నా, తెరిచే ముందే.

నిరుడు ఫైనలియర్ అమ్మాయి ఒకరు ప్రాజెక్ట్ రిపోర్టు జిప్ ఫైల్‌గా, అంటే ఫైళ్లను కుదించి కట్టిన మూటగా తెచ్చుకుంది. జిప్ మీద డబుల్ క్లిక్, లోపలున్న వర్డ్ ఫైలు మీద ఇంకో డబుల్ క్లిక్, సాయంత్రం దాకా పని. మర్నాడు జిప్ తెరిస్తే పాత రిపోర్టే. జిప్‌లోంచి తెరిచిన ఫైల్ని విండోస్ ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పి చూపిస్తుంది. ఆ అమ్మాయి దిద్దింది ఆ కాపీని, జిప్‌లోది కాదు. ఇద్దరం గంటసేపు టెంప్ ఫోల్డర్ తవ్వితే అదృష్టం కొద్దీ దొరికింది.

అందుకని జిప్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ కొట్టండి, చదువు ఫోల్డర్ చూపించండి, ఆ తర్వాతే తెరవండి. మెయిల్‌లో వచ్చినదైనా అంతే, ముందు డౌన్‌లోడ్ చేయాలి. డౌన్‌లోడ్స్‌లోంచి తీసేటప్పుడు కంట్రోల్ ఎక్స్ (కట్) వాడండి, కంట్రోల్ సి (కాపీ) వద్దు. కాపీ చేస్తే ఒకే పేరుతో రెండు మిగులుతాయి, మీరు ఒకటి దిద్ది ఇంకోటి సబ్మిట్ చేస్తారు. ఇది నేనే చేశాను.

వర్డ్‌లో కొత్తగా రాస్తుంటే మొదటి వాక్యం కాగానే ఎఫ్12 నొక్కండి, సేవ్ యాజ్ పెట్టె వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాల్సి రావచ్చు. వచ్చిన పెట్టెలో పైనున్న చోటు పేరు చదవండి. చదవకుండా ఎంటర్ కొట్టడం వల్లే సగం ఫైళ్లు గల్లంతవుతాయి.

"సెర్చ్‌లో కొడితే వచ్చేస్తుంది కదా సార్" అంటారు. మొన్న ఒకబ్బాయి అలాగే రెజ్యూమ్ అని కొట్టాడు. రెజ్యూమ్, రెజ్యూమ్ 1, రెజ్యూమ్ ఫైనల్, రెజ్యూమ్ ఫైనల్ కొత్తది, మొత్తం 11 వచ్చాయి. కంపెనీకి ఏది పంపాడో అతనికే తెలియదు.

4. వారానికోసారి మూడు ఫోల్డర్లనూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఇక్కడ మాత్రం కంట్రోల్ సి. పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టాకే పీకండి.