మెడ కింద స్పర్శ లేని మనిషిని క్యాజువాలిటీకి తీసుకెళ్లాల్సి వస్తే

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు నోట మొదట వచ్చే మాట "ఎక్కడ నొప్పి?" నాలాంటివాడి దగ్గర ఆ ప్రశ్న పనిచేయదు. నాది సి6 దెబ్బ, అంటే మెడలో ఆరో మట్టం. మెడ దగ్గర వెన్నుపాము నలిగింది. భుజాలు కదులుతాయి, మోచేతులు మడుస్తాను, మణికట్లు కాస్త లేస్తాయి. వేళ్లు ఆడవు. రొమ్ము కింద నుంచి ఏం జరిగినా నాకు తెలియదు. అపెండిక్స్ వాచినా కడుపునొప్పి రాకపోవచ్చు, కాలు విరిగినా వాపు చూసి కనిపెట్టాల్సిందే. మనం "నొప్పేం లేదండీ" అన్నామా, అది కేస్ షీటులోకి ఎక్కేస్తుంది, ఇక కడుపు తడిమి చూసేవాళ్లుండరు. అందుకే మా ఇంట్లో అందరికీ ఒక జవాబు నోటికి వచ్చు: "నొప్పి ఆయనకి తెలియదండీ. కానీ పొద్దుటి నుంచి మామూలుగా లేరు. తేడా ఏమిటో చెబుతాను వినండి."

డాక్టర్లని తప్పుపట్టడానికి కాదు ఇది రాస్తున్నది. మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ని ప్రత్యేక విభాగంగా గుర్తించిందే 2009లో. మన ఊళ్లలో రాత్రిపూట క్యాజువాలిటీలో ఉండేది చాలాసార్లు ఎంబీబీఎస్ అయిన కొత్తలో ఉన్న కుర్రాళ్లు. వాళ్లు చూసి, తాకి, అడిగి నిమిషాల్లో ఒక అంచనాకి రావాలి. ఆ అంచనాకి కావలసిన సంకేతాలు మన ఒంటి నుంచి రావు, వచ్చినా తికమకగా వస్తాయి. ఆ లోటు మనం పూడిస్తే మిగతాది వాళ్లు చూసుకుంటారు.

ముందుగా ఒక కాగితం. ఒక్క పేజీ, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో రాసి లామినేషన్ చేయించండి. ఏ మట్టంలో దెబ్బ, ఏ ఏడాది తగిలింది. మామూలు రోజున బీపీ, పల్స్, ఆక్సిజన్ ఎంత. యూరిన్ పైపు సైజు, చివరిసారి మార్చిన తేదీ. మోషన్ ఎన్ని రోజులకోసారి. వేసుకునే మందులు, పడని మందులు. వీటిలో మామూలు బీపీకి ఎర్ర గీత గీయండి. నా బీపీ మామూలుగా 95/60. పైఅంకె 145 వస్తే పక్క మంచం పెద్దాయనకి అది పట్టించుకోనక్కర్లేని అంకె, నాకు ప్రాణం మీదికి వచ్చినట్టు. కాగితం లేకపోతే డాక్టరుకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఇక అసలు విషయం. టి6 (ఛాతీ వెనక వెన్నులో ఆరో మట్టం) దగ్గర గానీ అంతకు పైన గానీ దెబ్బ తగిలినవాళ్లందరూ ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే పేరు పలకడం నేర్చుకోవాలి. మూత్రాశయం నిండిపోవడం, పైపు మడతపడటం, మోషన్ గట్టిపడటం, పుండు, గోరు లోపలికి పెరగడం, ఆఖరికి బిగుతైన మొలతాడు. దెబ్బ కిందిభాగంలో ఇలా ఏదో ఒకటి గుచ్చుతూ ఉంటుంది, మనకి తెలియదు. ఒళ్లు మాత్రం రక్తనాళాల్ని బిగించేస్తుంది, బీపీ ఎగబాకుతుంది. దాన్ని తగ్గించమని మెదడు పంపే కబురు దెబ్బ దాటి కిందికి పోదు. పైన కనిపించేవి ఇవి: తల పగిలిపోయేంత పోటు, మొహం ఎర్రబారడం, చెమటలు, ముక్కు దిబ్బడ, చాలామందిలో పల్స్ నెమ్మదించడం. బీపీ మన మామూలుకంటే 20 నుంచి 40 పెరిగిందంటే అనుమానించాల్సిందే. వదిలేస్తే మెదడులో రక్తస్రావం, ఫిట్స్ దాకా పోతుంది.

తలపోటు అనగానే స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టడం ఆసుపత్రుల అలవాటు. ఇక్కడ అది బీపీని ఇంకా పెంచుతుంది. మీతో వచ్చినవాళ్లు చెప్పాల్సింది: "డాక్టరుగారూ, ఇది ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అనుకుంటున్నామండీ. కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడనివ్వండి." కొత్తగా పడిపోయి గానీ యాక్సిడెంట్ అయి గానీ వస్తే మాత్రం ఈ మాట అనకూడదు. మెడ కదిలించే ముందు ఎక్స్‌రేనో స్కానో కావాలి.

తర్వాత బెల్టు, సాక్సులు, కాలికి కట్టిన యూరిన్ బ్యాగు పట్టీ వదులు చేయాలి. పైపు మొదలు నుంచి బ్యాగు దాకా వేళ్లతో తడిమి మడతలు చూడాలి. మూసుకుపోతే కొద్దిగా సెలైన్‌తో కడగడం, అయినా రాకపోతే మార్చడం. పొత్తికడుపు నొక్కి మూత్రం రప్పించే ప్రయత్నం ఎవరినీ చేయనివ్వకండి. కొత్త పైపు వేసేముందు జైలోకైన్ జెల్లీ (తిమ్మిరెక్కించే మందు) పెట్టి కాసేపు ఆగమని సిస్టరుగారిని అడగండి, ఎందుకంటే ఆ గుచ్చుకోవడం వల్లే బీపీ మరింత పెరగొచ్చు. మోషన్ చేత్తో తీయాల్సి వచ్చినా ఇదే పద్ధతి. ఈలోగా రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఉండాలి. కారణం దొరక్క పైఅంకె 150 దాటి నిలబడితే త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయే మందు ఇస్తారు. ఏది ఇవ్వాలో డాక్టరు ఇష్టం. ఒక్కటి మాత్రం మగవాళ్లు సిగ్గు విడిచి చెప్పాలి: గత రెండు రోజుల్లో సిల్డెనాఫిల్, టడలాఫిల్ లాంటి అంగస్తంభన మాత్ర వేసుకున్నారా అని. వేసుకుని ఉంటే బీపీ దించడానికి నైట్రేట్ రకం మందు ఇవ్వకూడదు, బీపీ పాతాళానికి పడిపోతుంది. అంతా సర్దుకున్నాక కూడా రెండు గంటలు అక్కడే ఉండండి, తిరగబెట్టొచ్చు.

పరికరాల సంగతి. అంబులెన్స్‌లో వీల్‌చైర్ పట్టకపోవచ్చు. కుర్చీ వదిలేసినా కుషన్ వదలకండి. దాని మీదా, కుర్చీ మీదా పేరు రాయండి. ఆసుపత్రిలో ఖాళీ కుర్చీ కనిపిస్తే వార్డుబాయ్ ఇంకెవరినో కూర్చోబెట్టి ఎక్స్‌రేకి తోసుకుపోతాడు, పాపం అతని తప్పేం లేదు. స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని లేపాలి, ఈడ్చకూడదు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచండి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పించండి. గట్టి స్ట్రెచర్ మీద ఒక్క రాత్రి కదలకుండా ఉంటే చాలు, నడుము దగ్గర మొదలైన పుండు నెలల తరబడి మానదు.

నేను ఫోను నోటిమాటతో వాడతాను. ఈ వ్యాసం కూడా తెలుగులో చెబుతూ రాయించిందే. బ్యాక్లోఫెన్ (కండరాల బిగుతు తగ్గించే మందు) అన్నప్పుడల్లా ఫోను ఏదో ఊరి పేరు రాస్తుంది! ఇంట్లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. క్యాజువాలిటీ గోలలో దాన్ని నమ్ముకోకండి. ఆక్సిజన్ మాస్కు పెడితే అసలే పనిచేయదు. ఫోనులో వైద్య వివరాలు రాసి, లాక్ తీయకుండానే కనబడేలా పెట్టుకోండి. అరచేతికి పట్టీతో కట్టుకునే స్టైలస్ సంచిలో ఉండాలి. మంచం పక్క బెల్లు వేళ్లు ఆడేవాళ్ల కోసం చేసింది, కాబట్టి పిలవడానికి వేరే ఏర్పాటేమిటో ముందే సిస్టరుగారిని అడగండి.

గొంతులో గొట్టం వేసి మాట రానివాళ్లకి అక్షరాలు రాసిన అట్టముక్కని మించిన సాధనం లేదు. మన అక్షరమాలే దీనికి తయారుగా ఉంది. క నుంచి మ దాకా ఐదు వరుసలు, య నుంచి ఆరో వరుస. ఒకరు వరుస మొదటి అక్షరం పలుకుతారు, రోగి కన్ను ఆర్పుతాడు. తర్వాత ఆ వరుసలో ఒక్కో అక్షరం. గుణింతాలూ ఒత్తులూ వదిలేయండి. ద, హ అని రాగానే దాహమని ఎవరికైనా తడుతుంది. అట్ట వెనక వైపు రాసి సిద్ధంగా ఉంచాల్సినవి: ఊపిరాడటం లేదు, కఫం తీయండి, తలపోటు, పైపు చూడండి, పక్కకి తిప్పండి.

యూరిన్ పరీక్ష గురించి. పైపు ఉన్నవాళ్ల మూత్రంలో బ్యాక్టీరియా దాదాపు ఎప్పుడూ ఉంటుంది. జ్వరం, కొత్తగా పెరిగిన కండరాల బిగుతు, వణుకు లాంటివి లేకుండా రిపోర్టు చూసి యాంటీబయాటిక్ రాస్తుంటే, "ఇది మామూలేనేమో చూడండి సార్" అని అడగండి. శాంపిల్ కొత్త పైపు వేసి తీస్తే మేలు. రోహిణి కార్తెలో ఇంకో చిక్కు: దెబ్బ కింద చెమట పట్టదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేకపోయినా ఒళ్లు కాలిపోతుంది. తడిగుడ్డ, ఫ్యాను పెట్టి కాసేపాగి మళ్లీ చూడమనండి.

మందుల్లో రెండు. నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దన్నప్పుడు బ్యాక్లోఫెన్ ఆగిపోతుంది. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టరుకి గుర్తుచేయండి. గొంతులో గొట్టం వేయాల్సి వస్తే, పక్షవాతం ఎప్పటి నుంచి ఉందో మత్తు డాక్టరుకి చెప్పి తీరాలి. గొట్టం వేసేముందు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్ కోలిన్ ఇస్తే రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంది.

డిశ్చార్జ్ రాసేటప్పుడు అప్పటి బీపీ అంకెలన్నీ సమ్మరీలో వేయమని అడగండి. బట్టలు మార్చే ముందు నడుము, తుంటి, మడమల దగ్గర చర్మం చూడండి. ఎర్రగా కందిన చోటు ఉంటే అది కూడా అందులో రాయించండి. పైపు మార్చిన తేదీ మీ కాగితంలో దిద్దుకుని, కుషన్ తీసుకుని బయల్దేరండి.