మిరుగు రాకముందే సున్నపు మిద్దెలు చూసుకోండి

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో నిజాం కాలపు ఆఫీసులు, బడులు చాలావరకు డంగుసున్నంతో, అంటే గానుగలో ఆడించిన సున్నంతో కట్టినవే. టేకు దూలాలు, వాటిపై నిలువుగా పేర్చిన ఇటుక, ఆపైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు: మిద్దె అంటే ఇదే. సున్నం తడి పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. నీళ్లు నిలిచినప్పుడే ముప్పు. గోడలో దిగిన దూలం కొసలు ముందు పుచ్చిపోతాయి, కింద నుంచి చూస్తే ఏమీ కనపడదు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి; మెత్తగా దిగితే ఆ దూలం కింద వెంటనే పోటు (ఆసరా గుంజ) పెట్టించండి.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మిద్దె మీద 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు 100 కిలోల బరువు. అందుకే తూములు శుభ్రం చేశాక ఒక్కోదాంట్లో రెండు బిందెల నీళ్లు పోసి, గోడ వెంట కారకుండా దూరంగా పడుతున్నాయా చూడాలి. పిట్టగోడ, మిద్దె కలిసే మూలను అస్సలు వదలొద్దు, ఉరుపు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

గోడ సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను పీకొద్దు, వేరుతోపాటు ఇటుకా ఊడొస్తుంది. మొదలు దగ్గర కోసి, అతుకుల సున్నం గీకి, వేరును మెల్లగా తీసి, సందును సున్నంతోనే నింపండి.

సిమెంటు మాత్రం వద్దేవద్దు. దాని కింద తడి చిక్కుకుంటుంది, గోడలోని ఉప్పు ఇటుకను పిండి చేస్తుంది, రెండు మూడేళ్లకు పూత పెచ్చులుగా రాలుతుంది. రాతి సున్నాన్ని నీళ్లలో కనీసం రెండు వారాలు నానబెట్టి, జల్లించి, ఒక వంతుకు రెండు వంతుల ఇసుక లేదా ఇటుక పొడి కలపండి. పగులును కడిగి, తడి మీదే నింపి, పది రోజులు తడి గోనెసంచులు కప్పాలి. ఎండకు వదిలేస్తే బీటలు వారుతుంది. సున్నం గట్టిపడటానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ పని మే మొదటి వారానికల్లా ముగియాలి.

పెద్ద పగులుకు అడ్డంగా అద్దం ముక్క అతికించి తేదీ రాయండి. అది విరిగితే గోడ ఇంకా కదులుతోందన్నమాట. పూత పని ఆపి ఇంజినీరును పిలవాలి.

ఖిలా వరంగల్ ఖుష్‌మహల్ లాంటి రక్షిత కట్టడాల మీద సొంతంగా చెయ్యి వేయకండి, పురావస్తు శాఖకు రాయండి.

మొదటి పెద్ద వాన పడ్డ రోజే గదులన్నీ తిరిగి, తడి మరకల చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. మర్నాటికి మరక గీత దాటితే పైన నీళ్లు ఇంకా దిగుతున్నట్టే. ఆ గోడ దగ్గరి బీరువాలు, రికార్డులు అదే రోజు జరిపించండి.